ఊరికొక్క కోటు

బస్తర్ సంస్థానం రోజుల్లో బీజాపూర్‌లో ఒక్క అటవీ గార్డు కొలువు పడితే మద్దేడు నుంచి ముగ్గురు బయల్దేరారు. నలుగురిలో ప్రత్యేకంగా కనబడితేనే కొలువని ముగ్గురికీ ఎవరో చెప్పారు. కనబడడానికి ఊళ్లో ఉన్న కోటు మాత్రం కాశయ్యది ఒక్కటే. ఆ పుణ్యాత్ముడు ఎవరినీ కాదనలేక ముగ్గురికీ ఇచ్చాడు.

ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు అదే తొడుక్కుని రేంజరు దగ్గరికి పోయొచ్చారు. మూడోవాడు భూషణం. ఈ కొలువు తప్పితే అతనికి మళ్లీ గోదావరి దాటి కూలికి పోవడమే గతి.

రేంజరు తలెత్తి చూశాడు. “ఏందిరా, పొద్దటి నుంచి ఈ కోటును రెండుసార్లు ప్రశ్నలడిగిన. మళ్లొచ్చిందా?”

భూషణం కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. లోపల చొక్కా లేదు. “దాన్ని పోనీయండి దొరా. నన్నింకా ఏమీ అడగలేదు గదా!”

రేంజరు నవ్వాడు. అడవి గురించి పది ప్రశ్నలడిగి, జవాబులన్నీ ఓపిగ్గా విని, కొలువిచ్చాడు.

ఇంకేం, మద్దేడు మేధావులకు కిటుకు దొరికిపోయింది. మరుసటేడు ఇంకో కొలువు పడగానే, పుష్యమాసం చలిలో ఎనిమిదిమంది చొక్కాల్లేకుండా వణుకుతూ రేంజరు ముందు నిలబడ్డారు. ఆ దయగల మనిషి వాళ్ల కోసం చలిమంట వేయించాడు. కొలువు మాత్రం చొక్కా తొడుక్కొచ్చిన తొమ్మిదోవాడికిచ్చాడు.