ఫిల్మ్‌నగర్ స్కాన్ గదిలో అమ్మ గొంతు

అమ్మకు టాన్సిల్ దగ్గర క్యాన్సర్ అని తేలాక, రేడియేషన్ ఇచ్చే డాక్టరమ్మ అన్నారు: "కిరణాలు ఎంత మేర పడాలో గీత గీసే ముందు, జబ్బు ఎక్కడెక్కడ చురుగ్గా ఉందో చూడాలి." అందుకే యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్‌నగర్‌కి, పెట్ స్కాన్ కోసం ఈ ప్రయాణం. దూరం కొద్ది కిలోమీటర్లే, భయం మాత్రం పెద్దది. అమ్మ సినిమాలకు గ్రూప్ డబ్బింగ్ చెబుతుంది. సంతలో గోల, పెళ్లిలో సందడి, చావింట్లో ఏడుపు: తెరమీద పేరులేని ఆ జనం గొంతుల్లో ఆమెదీ ఒకటి. డాక్టరమ్మ గీసే గీతలోకి స్వరపేటిక కూడా వస్తే ఆ గొంతు మిగులుతుందో లేదో ఎవరూ చెప్పలేరన్నారు.

ఉదయం ఏడున్నరకు ఆటో ఎక్కాం. ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు కాబట్టి అమ్మ టీ కూడా తాగలేదు.

"గింత పొద్దుగాల ఏడికమ్మా, షూటింగుకా?" అన్నాడు డ్రైవర్.

"ఫొటోలు తీస్తారంట బాబూ, మేకప్ అక్కర్లేదన్నారు," అంది అమ్మ.

దారిలో చెక్‌పోస్ట్ కూడలి దగ్గర రద్దీ లేక పావుగంటలో దించి నూట యాభై తీసుకున్నాడు. తొమ్మిది దాటితే అక్కడే అరగంట పోతుంది.

స్కాన్ సెంటర్‌లో సూచనల కాగితం ఇచ్చారు. మా ఇంట్లో బడికెళ్లింది నేనొక్కదాన్నే, అందుకని కాగితాలన్నీ నేనే చదువుతాను. "ఇంజెక్షన్ తర్వాత గంటసేపు కదలకూడదు, నమలకూడదు, మాట్లాడకూడదు," అని గడగడా చదివేశాను. అమ్మ తలూపింది. వేలి కొసన రక్తం తీసి షుగర్ చూశాక సిస్టర్ ఇంజెక్షన్ ఇచ్చింది. కాస్త రేడియోధార్మికత కలిపిన చక్కెరట అది. చురుగ్గా పనిచేసే కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి, ఆ చోటు బొమ్మలో వెలుగుతుంది. అమ్మకు దుప్పటి కప్పి ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టారు. తోడు వెళ్లినవాళ్లు బయటే ఉండాలి. గంట తర్వాత, రేడియేషన్ రోజుల్లో తల కదలకుండా వేసే జల్లెడలాంటి ముసుగు తొడిగి అరగంట స్కాన్ తీశారు.

మధ్యాహ్నం, అదే భవనంలో కూర్చునే రేడియేషన్ డాక్టరమ్మ మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టారు. బూడిదరంగు శరీరంలో అమ్మ మెదడు నారింజ రంగులో మండుతోంది. గుండె వెలుగుతోంది. నన్ను మోసిన మనిషి లోపల ఇంత వెలుతురుందా అనిపించింది. టాన్సిల్ దగ్గర ఒక చుక్క, మెడ పక్కన చిన్న గడ్డ. వాటికి కింద, గొంతు మధ్యలో, రెండు గీతలు ధగధగమంటున్నాయి.

"ఇవేంటండీ?" అన్నాను. జబ్బు అక్కడికీ పాకిందేమోనని తెరకు దగ్గరగా జరిగాను.

"స్వర తంత్రుల దగ్గరి కండరాలు." ఆమె అమ్మవైపు తిరిగారు. "ఆ గంటలో మాట్లాడారా అమ్మా?"

"లేదండీ. ఎవరితోనూ మాట్లాడలేదు. నా పని నేను చేసుకున్నాను."

"ఏం పని?"

"ఎల్లుండి జాతర సీనుందండీ. పోతురాజు వచ్చేటప్పుడు ఆడవాళ్ల అరుపులు. పైకి కాదండీ, చిన్నగా, లోలోపలే."

"గంటసేపా?"

"మధ్యలో ఏడుపు కూడా చూసుకున్నానండీ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయారు. రెండు వైపులా సమానంగా వెలగడం పనిచేసిన కండరాల తీరేనట. అయినా ఊహమీద వదలనన్నారు. పై అంతస్తులో గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూశారు. తంత్రులు శుభ్రంగా ఉన్నాయి.

తిరిగొచ్చాక డాక్టరమ్మ మౌస్‌తో మొదటి గీత గీయడం చూశాను. టాన్సిల్ చుట్టూ, గడ్డ చుట్టూ, వెంట్రుకవాసి జరుపుతూ. స్వరపేటిక బయట ఉండిపోయింది. "మంట పుడుతుంది, కొన్నాళ్లు బొంగురుపోతుంది. గొంతుకు డోసు వీలైనంత తగ్గిస్తాను," అన్నారు. "ఎల్లుండి వెళ్లొచ్చా?" అంది అమ్మ. వెళ్లమన్నారు.

శరీరం ఎక్కడ పనిచేస్తుందో చూపించే యంత్రం, మా అమ్మ నలభై ఏళ్లుగా చేస్తున్న పనిని కూడా చూపించింది. ఏ సినిమాలోనూ పేరు పడని మనిషి పని అలా వెలగడం చూస్తే భయం పోయాక కూడా ఒళ్లు జలదరించింది. తప్పు మాత్రం నాది. కాగితం చదివాను, గొంతు ఎందుకు కదపకూడదో విడమరిచి చెప్పలేదు. చదువుకున్నదాన్ని కదా, చదివితే చాలనుకున్నాను.

మీరు ఎవరినైనా ఈ స్కాన్‌కు తీసుకెళ్తే, వాళ్లు చేసే పనేమిటో సిస్టర్‌కు ముందే చెప్పండి. ఆ గంటలో పెదవి కదపకపోయినా, గొంతులో పాడుకోవడం కూడా పనేనని వాళ్లకు విడమరిచి చెప్పండి.