పదిహేడు బుట్టలు

ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఒకే పేటలో ఉత్తరాలు పంచుతున్న ఆమెను చిన్నా పెద్దా అందరూ ఉత్తరాలక్క అనే పిలిచేవారు. ఆ పేటలో లిఫ్టు లేని నాలుగంతస్తుల మేడలే ఎక్కువ. రిజిస్టరు ఉత్తరం వచ్చిందంటే ఆమె గుమ్మం దాకా ఎక్కి, కలం మూత తీసి చేతికిచ్చి, రసీదులో గడి దాటకుండా సంతకం చేయించుకొని గాని కదిలేది కాదు.

అటువంటి మనిషి ఒక ఏడాది, మోకాళ్లు పట్టేసిన ఓ పెద్దావిడ కోసం బాల్కనీ నుంచి తాడుతో బుట్ట దింపించే ఏర్పాటు చేసింది. ఉత్తరం, రసీదు, కలం బుట్టలో పైకి వెళ్లేవి. సంతకమైన రసీదు, కలం తిరిగి దిగేవి. ఇదేదో బాగుందని ఉత్తరాలక్క పక్కింటికి చెప్పింది, ఆపై ఎదురింటికి. చూస్తుండగానే బుట్టలు పదిహేడయ్యాయి. మూడో అంతస్తులో కుట్టుపని చేసుకొనే ఉత్తరాలక్క ఆడపడుచు కూడా పాత చీర అంచులు పేని ఓ తాడు తయారుచేసుకొంది.

ఏడాది తిరిగాక, తపాలా ఆఫీసువారి వైద్యపరీక్షలో గుండె చప్పుడు తేడాగా వినిపించడంతో ఉత్తరాలక్కను పెద్దాసుపత్రికి పంపారు. తోడుగా ఆడపడుచు వెళ్లింది. స్కానింగు చూసి గుండె డాక్టరమ్మ కాగితంపై బొమ్మ గీసింది.

"గుండెలోంచి ఒళ్లంతటికీ రక్తం వెళ్లే దారిలో ఈ వాల్వు ఉంటుందమ్మా. మీకు దీని రేకులు సున్నం పట్టినట్టు గట్టిపడ్డాయి. సరిగ్గా తెరుచుకోవట్లేదు. ఆ కాస్త సందులోంచే గుండె బలమంతా పెట్టి రక్తాన్ని నెడుతోంది."

"మాత్రలతో కరగదాండీ?"

"కరగదమ్మా. వాల్వు మార్చాల్సిందే. ఇప్పుడా, ఇంకొన్నాళ్లు ఆగవచ్చా అన్నదే చూడాలి. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీ పట్టేయడం, కళ్లు తిరగడం ఉన్నాయా?"

"ఒక్కటీ లేదండీ!"

డాక్టరమ్మ ఆ మాట రాసుకొంది. ఉత్తరాలక్క ఊపిరి పీల్చుకొంది. ఆపరేషనంటే తనను ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టి, ఉత్తరాలు పంచే బీటు మరొకరికి అప్పగిస్తారని ఆమె భయం.

"బుట్ట సంగతి చెప్పవేం వదినా?" అంది ఆడపడుచు.

"దానికీ దీనికీ ఏమిటే సంబంధం?"

"మా గడప తొక్కి ఎన్నాళ్లయింది? ఏడాదిగా మెట్టెక్కని దానివి, ఆయాసం ఎక్కడినుంచి వస్తుంది తల్లీ?"

ఉత్తరాలక్క అబద్ధమాడలేదు, తన జవాబు నిజమనే నమ్మింది. కాని పెద్దావిడ బుట్టకు వారం ముందు, రెండో అంతస్తు మలుపులో కళ్లు బైర్లు కమ్మితే, చిరునామా చదువుతున్నట్టు నటిస్తూ గోడకానుకొని నిలబడ్డ సంగతి ఇప్పుడు గుర్తుకొచ్చింది. అప్పట్లో దాన్ని ఎండ మీదికి నెట్టేసి, మర్నాటి నుంచే మెట్లు తగ్గించుకొంది.

"రాసింది కొట్టెయ్యండి డాక్టరుగారూ," అని ఆ సంగతంతా పొల్లుపోకుండా చెప్పింది.

"అయితే ఆలస్యం చెయ్యకూడదమ్మా."

"అయ్యాక నాలుగంతస్తులు ఎక్కగలనా? ఉన్నదున్నట్టు చెప్పండి."

"కోలుకున్నాక చాలామంది ఎక్కుతున్నారు. మీరూ ఎక్కుతారనే నా నమ్మకం. ఇలాగే వదిలేస్తే మాత్రం ప్రాణానికే ముప్పు."

"తేదీ వెయ్యండి."

ఆఫీసుకు వెళ్లి తన సంచిని పైఅధికారి బల్లమీద పెట్టింది. "బీటు మూడు నాలుగు నెలలు ఎవరికైనా ఇవ్వండి. ఇచ్చేది చూసుకోమని మాత్రమే. మళ్లీ వచ్చి తీసుకొంటాను."

ఆపరేషను జరిగింది. కుట్లు మానాయి. మొదట వరండాలో నడక, తరవాత వీధి చివరిదాకా, డాక్టరమ్మ సరేనన్నాక ఒక్కో అంతస్తు. నాలుగో నెల చివర సంచి మళ్లీ ఆమె భుజానికెక్కింది.

ఆనాడు ఆడపడుచుకు రిజిస్టరు ఉత్తరముంది. కేక వినగానే అలవాటుగా బుట్ట దిగింది.

"దాన్ని పైకి లాగేసి తలుపు తియ్యవే!"

"పొగరు మాత్రం మార్చలేదన్నమాట ఆ డాక్టరమ్మ!"

కమ్మీ పట్టుకొని నిదానంగా ఎక్కింది. రెండో అంతస్తు మలుపులో ఆగింది. ఈసారి ఏ చిరునామా చదవలేదు. కాళ్లకు విశ్రాంతినిచ్చి, మిగిలిన మెట్లెక్కింది. గుమ్మంలో నిలబడి కలం మూత తీసింది.

"ముందు లోపలికొచ్చి కూర్చో వదినా."

"సంతకం కానీ. గడి దాటావంటే ఊరుకోను."