ఎలిఫలెట్ పిమ్ ఓట్ల పిచ్చి

ఎలిఫలెట్ పిమ్ ఓటు పెట్టకుండా తుమ్మను కూడా తుమ్మడు.

కాన్సాస్ నేల మీద బానిసలు ఉండాలో వద్దో అక్కడి జనమే ఓటేసి తేల్చుకోవాలని వాషింగ్టన్ పెద్దలు సెలవిచ్చారు. ఆ మాట మా అందరికీ చెవికెక్కింది. ఎలిఫలెట్‌కి తలకెక్కింది. గంజిలో ఉప్పు వెయ్యాలా? ఓటు. గాడిదకి ఏం పేరు? ఓటు. ఆడవాళ్ల చేతులూ లెక్కపెట్టేవాడు. ఓసారి పుచ్చిన పన్ను గురించి ఓటు పెడితే పదకొండు మంది పీకించమన్నారు, తొమ్మండుగురు వద్దన్నారు. దవడ పట్టుకుని మూడు రోజులు మళ్లీ లెక్కపెట్టించాడు.

అసలు ఎన్నికల రోజున పక్కనున్న బానిసల రాష్ట్రం మిస్సోరి వాళ్లు తుపాకులతో నది దాటి వచ్చి, మా ఓట్లకి రెట్టింపు గుద్దేసి, సాయంత్రానికి వెళ్లిపోయారు. బానిసత్వం గెలిచింది. పారిపోయొచ్చిన బానిసకి చోటిస్తే పదేళ్ల జైలన్నారు. మేం తిట్టుకుని ఊరుకున్నాం. ఎలిఫలెట్ మర్నాడే "నిన్న జరిగింది ఓటేనా?" అని ఓటు పెట్టాడు.

ఊరంతటికీ వాడే ముద్దు. గుర్రాల జీన్లు కుట్టే నేను వాడికన్నా తెలివైనవాణ్ణి, పొడుగరిని. అయినా నా వంక చూసేవాళ్లు లేరు. పోనీ అనుకున్నాను. లవీనియా హార్కర్ విషయంలో మాత్రం ఓర్చుకోలేకపోయాను. భర్త పోయాక తనే సరుకుల బండి తోలుకునే లవీనియా మీద నాకు ఏడాదిగా మనసు. ఆ శరత్కాలంలో ఆవిడ రోజూ ఎలిఫలెట్ ఇంటికి గంపెడు మొక్కజొన్న రొట్టెలు మోసుకెళ్లడం మొదలుపెట్టింది.

"నాకెప్పుడూ తేలేదే?" అన్నాను.

"మీకేం, దిట్టంగానే ఉన్నారుగా!" అని వెళ్లిపోయింది.

గంపలకు గంపలు తింటున్నా ఆ బక్కప్రాణి ఒళ్లు చెయ్యడే!

ఓ మధ్యాహ్నం తేల్చుకుందామని వాడింటికి వెళ్లాను. సరిగ్గా అప్పుడే మిస్సోరి నుంచి బానిసల్ని పట్టుకునేవాడొకడు, ఇద్దరు అనుచరులతో గుమ్మంలో దిగాడు. పారిపోయొచ్చిన డార్కస్ అనే ఆవిడ కోసమట.

ఎలిఫలెట్ గంట వాయించి ఊరిని పోగేశాడు. "తమరు లోపలికి రావచ్చా అన్నది ఓటుకి పెడుతున్నా."

"ఓటూ లేదు, గీటూ లేదు. తప్పుకో!"

"ఓటు వద్దంటారా? సరే, వద్దనేవాళ్లు చేతులెత్తండి."

చుట్టూ ఇరవైమంది సుత్తులతో, పారలతో నిలబడి ఉండేసరికి వాడు పళ్లు నూరుతూ చెయ్యెత్తాడు. ఎలిఫలెట్ నాలుగుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత బూట్లతో రావాలా, విప్పి రావాలా అన్నాడు. అనుచరుల్లో ఒకడు విప్పడానికే ఓటేశాడు.

నాకు ఒళ్లు మండింది. "ముందు లవీనియా రొట్టెల సంగతి తేల్చు! వారానికి ఏడు గంపలు ఒక్కడివే తింటున్నావా?" అని అరిచాను.

ఎలిఫలెట్ మొహం పాలిపోయింది. పట్టుకునేవాడు గిరుక్కున తిరిగాడు. "ఏడు గంపలా? ఇంకెవరికి?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆ రొట్టెలు డార్కస్‌కే; లవీనియా బండి ఊళ్లో లేదంటే, ఆవిణ్ణి ఎక్కించుకుని దారిలో ఉన్నట్టే. నా నోటి దురదకి ఒక మనిషి ప్రాణం మీదికి వస్తోంది.

"ఎవరికేమిటండీ! ఆవిడ వీణ్ణి వలచింది! నాకొక్క ముక్క పెట్టలేదు!" అని టోపీ నేలకేసి కొట్టి అరగంట ఏడ్చాను. నటించనక్కర్లేకపోయింది, ఉన్నదంతా కక్కేశాను. ఊరు పొట్ట పట్టుకుని నవ్వింది. పట్టుకునేవాడు కూడా నవ్వాడు. ఆఖరికి వాళ్లు వెతికేసరికి ఇంట్లో ఎవరూ లేరు.

"డార్కస్‌ని దాచడం ఎన్ని ఓట్లతో నెగ్గింది?" అనడిగాను వాళ్లు వెళ్లాక.

"ఉప్పుకీ పన్నుకీ ఓటుగానీ, మనిషిని అమ్మొచ్చా అన్నదానికి ఓటేమిటయ్యా! ఏ దారిన వెళ్తావమ్మా, ఓటేద్దామా అని ఆవిణ్ణి అడిగితే 'నాకు ఓటొద్దు, బండి కావాలి' అంది. లవీనియాని పిలిచాను," అన్నాడు ఎలిఫలెట్.

తొమ్మిదో రోజున లవీనియా తిరిగొచ్చింది. డార్కస్ క్షేమంగా ఉత్తరాన బానిసత్వం లేని అయోవా చేరిందట. బండి మా గుమ్మం ముందే ఆగింది.

"నాకోసం ఊరందరి ముందూ ఏడ్చారటగా? వచ్చే వారం మళ్లీ ఉత్తరానికి వెళ్లాలి. పక్కన తోడుంటే మంచిది."

నేను చేతిలో సూదీ దారం వదిలేసి, బండెక్కి కూర్చున్నాను.

"వచ్చే వారం అన్నానండీ," అంది లవీనియా.