జఫర్‌గఢ్ ఉప్పలయ్య చేసిన తుపాకులు

గత నెల జనగామ బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతున్నాను. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "గా తుపాకుల ఉప్పలయ్య పోయిండంట. పొద్దుగాల గుండె పట్టుకున్నదట, దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయిండట."

జఫర్‌గఢ్ వడ్రంగి వడ్ల ఉప్పలయ్య మరణవార్త నాకు చేరింది అలా. మనిషి పోయాడన్న మాట ఒక దెబ్బ. ఏ పేరుతో పోయాడన్నది ఇంకొక దెబ్బ. పేలే తుపాకిని ఆయన జీవితంలో ఎన్నడూ చేయలేదు. అయినా ఆ పేరు ఆయనకు నా వల్ల వచ్చింది. అది ఎలా వచ్చిందో ఆయన్ను ఎరిగినవారికి చెప్పవలసిన బాధ్యత నాది.

ఆరేళ్ల కిందట ఒక సినిమాలో నటులు వాడే సామానుకు నేను బాధ్యుడిగా పనిచేశాను. ఒక మంత్రి హత్య, దాన్ని కప్పిపుచ్చే అధికారులు, నిజం వెతికే ఒక విలేఖరి, ఇదీ కథ. భూపాలపల్లి పరిసరాల్లోనూ గూడూరు అడవి అంచునా షూటింగు. నగరం నుంచి తెచ్చిన రబ్బరు తుపాకులు దర్శకుడికి నచ్చలేదు. మా ఇంటి తలుపులు చేసిన ఉప్పలయ్య నాకు గుర్తొచ్చాడు.

ఆయన కొలతలు అడగలేదు. ముందు మనుషుల గురించి అడిగాడు.

"తమ్మీ, గీ కిరాయి హంతకుడు తుపాకి కొని ఎన్నేండ్లాయె?"

"సినిమాలో అది చెప్పరన్నా."

"చెప్పకుంటె నేనెట్ల చెయ్యాలె? చెయ్యి పెట్టేకాడ అరుగుతది గద."

కథలో ఒకే పిస్తోలు ముగ్గురి చేతులు మారుతుంది. ఆయన దాన్ని మూడుసార్లు చేశాడు. పోలీసు అధికారి చేతిలో పిడి మీద గీత కూడా లేదు. హంతకుడి చేతికి వచ్చేసరికి బొటనవేలు ఆనేచోట నునుపు తేలింది. విలేఖరికి దొరికినప్పుడు ఒక మూల చిట్లి ఉంది. మంత్రి ఇంట్లో గోడకు వేలాడే జంటగొట్టాల తుపాకికి పైవైపే మెరుగు పెట్టి, గోడవైపు దుమ్ము పట్టించాడు. నల్లరంగు వేసిన టేకు మీద పెన్సిల్ ముల్లు పొడి రుద్దితే ఉక్కు మెరుపు వస్తుంది. ఆ పని చేసినన్ని రోజులూ ఆయన వేళ్లు నల్లగానే ఉండేవి. "గీ చేతుల్తోని బువ్వ తింటె మీ వదిన తిడ్తాంది, పోలీసోడివా దొంగోడివా అని," అని నవ్వేవాడు.

ఆయనకు ఒక నియమం ఉండేది. గొట్టం ఏదైనా సరే, మూతి లోపల రెండు వేళ్ల లోతున టేకు బిరడా దిగ్గొట్టేవాడు. అడవిలో హత్యను చూసిన ముసలి వేటగాడి పాత్రకు నాటు తుపాకి చేశాడు. దానికి మాత్రం నిజమైన ఇనుప గొట్టం వాడాడు. దగ్గరి షాటులో ఆ మూతి చీకటిగా, లోతుగా కనబడాలని దర్శకుడు పట్టుబట్టాడు. బిరడా తీసెయ్యమని నేను ఉప్పలయ్యకు చెప్పాను.

"నోరు తెరిచిన తుపాకి బొమ్మ కాదు తమ్మీ," అన్నాడు. అయినా నా మాట కాదనలేక తీశాడు.

షాటు అయిపోయాక దాన్ని పెట్టెలో పెట్టనివ్వలేదు. ఇంటికి తీసుకుపోయి కొత్త బిరడా వేసి తెస్తానన్నాడు. సామాను బయటికి పోవాలంటే నా సంతకంతో చిట్టీ ఉండాలి. ఆయన అడిగాడు కూడా.

"చెక్క తుపాకికి చిట్టీ ఏందే అన్నా, బస్సు పోతది, పో," అన్నాను.

దారిలో పోలీసులు బస్సు ఆపి తనిఖీ చేశారు. గోనెసంచిలో నాటు తుపాకి, దానికి తెరిచిన ఇనుప గొట్టం. ఈ జిల్లాల్లో అలాంటిది కనబడితే నక్సలైట్ల కోసమేనని ఎవరైనా అనుకుంటారు. ఠాణా నుంచి నాకు ఫోను వచ్చింది. బిరడాలు వేసిన బొమ్మలు మాత్రమే వాడతామని రాసిచ్చి మేము పోలీసుల అనుమతి తెచ్చుకున్నాం. ఒప్పుకుంటే షూటింగు ఆగుతుంది, నా కొలువు పోతుంది. "మనిషి మావాడే. ఆ తుపాకి మాది కాదు," అన్నాను.

రెండు రోజులు ఆయన్ను కూర్చోబెట్టారు. ఊరి పెద్దలు వెళ్లి మాట్లాడాక వదిలారు. ఆ రెండు రోజుల్లో నా పేరు ఆయన నోటి నుంచి రాలేదు. ఊళ్లో మాత్రం అడవిలోవాళ్లకు తుపాకులు చేసిచ్చాడన్న మాట నిలిచిపోయింది. తలుపులు, కిటికీలు చేయించుకునేవాళ్లు వేరే ఊళ్ల వడ్రంగులను పిలుచుకున్నారు. సినిమా చివర వేసే పేర్లలోంచి ఆయన పేరును నేనే తీయించాను.

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంది. ఇంట్లోవాళ్లు కథ చూస్తారు. నాకు అందులో మనుషులు కనబడరు, వాళ్ల చేతుల్లోని తుపాకులే కనబడతాయి. వేటగాడు తుపాకి ఎత్తేలోపు లేచి బయటికి వెళ్లిపోతాను. బయట నిలబడ్డా ఆ గొట్టం మూతి నావైపే తిరిగి ఉన్నట్టుంటుంది.

ఆయన దినాలకు జఫర్‌గఢ్ వెళ్లాను. ఆయన భార్య సమ్మక్క వదిన ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"గిది నాకు చెప్తె ఏమొస్తది? నా మొగడు ఎసొంటోడో నాకెర్క లేదా? బయట టెంటు కింద తింటాన్రు సూడు, గాళ్లకు చెప్పుపో," అంది.

బయటికి వెళ్లి, తింటున్నవాళ్ల మధ్య నిలబడి చెప్పాను. అందరూ చేతులు ఆపి విన్నారు. చివర కూర్చున్న ఒక ముసలాయన అడిగాడు.

"గీ ముచ్చట ఆయన బతికుండంగ చెప్తె నీకేమైతుండె బిడ్డా?"

అనుమతి గడువు ఎప్పుడో తీరింది. సినిమా ఆడి వెళ్లిపోయింది. నేను వేరే పనిలో కుదురుకున్నాను. ఆలోచిస్తే ఒక్కటే జవాబు కనబడింది.

"ఏం కాకపోతుండె బాపూ," అన్నాను.

ఆయన విస్తరి మడిచి చేతులు కడుక్కోవడానికి లేచాడు.

చెక్కను చూసి, దాన్ని పట్టుకోబోయే మనిషిని ఊహించగలిగిన పనివాడు మా ప్రాంతంలో మళ్లీ పుడతాడో లేదో తెలియదు. ఆ లోటు అందరిదీ. నా లోటు వేరు. ఆరేళ్లపాటు ఆయన జఫర్‌గఢ్‌లోనే ఉన్నాడు, నేను జనగామలోనే ఉన్నాను, మధ్య బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. ఉప్పలన్నకు ఇప్పుడు చేతులెత్తి మొక్కుతున్నాను. ఈ మొక్కు తీసుకుంటాడో, తిప్పికొడతాడో చెప్పవలసిన మనిషి లేడు.