వంతెన మీంచి చూసిన బాణసంచా

తొంభైల మొదట్లో, మందమర్రి నుంచి గోదావరిఖని వెళ్లే బస్సులో నా పక్క సీట్లో భార్యాభర్తలిద్దరు కూర్చున్నారు. ఆ రోజు శ్రీరామనవమి. పొద్దుగూకగానే గోదావరి ఒడ్డున గుడి దగ్గర బాణసంచా కాలుస్తారు. అతను మాటిమాటికీ కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు.

“అందుకుంటమంటవా అక్కా?” అని నన్నడిగాడు.

“అందుకుంటంలే. ఏం పని చేస్తవన్నా?”

“బొగ్గుబాయిల మందు పెట్టి బొగ్గు పేలుస్త. పేల్చేటప్పుడు మలుపు అవతల దాక్కోవాలె గదా. సప్పుడు ఇనుడే గని మెరుపు ఎన్నడు సూడలే. పండుగ పూట ఎప్పుడూ డ్యూటీనే పడ్తది. ఈసారి దోస్తును బతిలాడి షిఫ్టు మార్చుకున్న.”

వంతెన మధ్యకు వచ్చేసరికి జాతర బండ్లు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. అతని ముఖం చిన్నబోయింది. అంతలోనే ఒడ్డు మీంచి మొదటి తారాజువ్వ లేచింది. అందరం గబగబా దిగి వంతెన అంచుకు చేరాం. ఆకాశమంతా ఎర్రగా, పచ్చగా విచ్చుకుంటుంటే అతను మాత్రం రెండు చెవులూ మూసుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. అలవాటు అలాంటిది.

భార్య అతని చేతులు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

“ఇది బాయి కాదు. తలెత్తి సూడు.”

అతను తలెత్తాడు. రవ్వలు రాలి నీళ్ల మీద ఆరిపోయేదాకా చూశాడు.

“నిప్పు గింత నిమ్మళంగ రాలుతదా” అన్నాడు చివరికి.

ఇప్పటికీ ఎక్కడైనా తారాజువ్వ పేలితే, చప్పుడయ్యాక కూడా కాసేపు ఆగి, రవ్వలన్నీ రాలేదాకా చూస్తాను.