నేను వెనక్కి తీసుకోని సాక్ష్యం

దేవునికి స్తోత్రం. నాలాంటిదాన్ని కూడా ప్రతి ఉదయం ఊపిరితో లేపుతున్న నా తండ్రికి స్తోత్రం. ఏ మాట మొదలుపెట్టినా ముందు ఆయన పేరు తలచుకోవడం మా ఇంట్లో అలవాటు. ఆ పేరునే ఒకసారి నేను ఎలా అడ్డం పెట్టుకున్నానో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

కొన్నేళ్లుగా గుండె మీద ఒక బరువుంది. దాన్ని పాపం అనడం నాకు తేలిక. సండే స్కూల్ నుంచి ఆ మాట పలుకుతూనే పెరిగాను. కానీ పాపం అనేసరికి అది అందరిదీ అయిపోతుంది. ఇది నా ఒక్కదానిది. ఒక మనిషి నెత్తిన నేను పెట్టిన అబద్ధం. ఇక్కడ నా పేరు రాయడం లేదు. అది కూడా పిరికితనమేనని నాకు తెలుసు.

మాది బిలాస్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి లోకో షెడ్‌లో చేరాడు. నాన్నా నేనూ రైల్వే క్వార్టర్లలోనే పుట్టాం. కాలనీలో మా తెలుగు క్రైస్తవ సంఘం చిన్నది. ఆదివారం పాటల తర్వాత సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. ఆ వారం దేవుడు మేలు చేసినవాళ్లు లేచి చెప్పాలి. జ్వరం తగ్గిందనో, ట్రాన్స్‌ఫర్ ఆగిందనో చెబుతారు. ఒక్కొక్కరు చెప్పగానే సంఘమంతా స్తోత్రం అంటుంది. ప్రకాశ్ అన్న ఢోలక్ మీద ఒక దెబ్బ వేస్తాడు.

ప్రకాశ్ అనేది ఆయన అసలు పేరు కాదు. ఆయన నాకు రక్తసంబంధి కూడా కాదు, సంఘంలో అన్న. ఊళ్లో ఫ్యాక్టరీలుండే సిర్గిట్టిలో ఒక గోడౌన్ పైన చిన్న కంపెనీలో ఇద్దరం పనిచేసేవాళ్లం. నన్ను అక్కడ చేర్పించింది ఆయనే. మేం కట్టే వెబ్‌సైట్లు ఏ సర్వర్ల మీద నడుస్తాయో వాటిని ఆయన చూసుకునేవాడు. జనం తాకిడికి ఆ సైట్లు తట్టుకుంటాయో లేదో పరీక్షించడం నా పని.

అప్పుడు ఒక నర్సింగ్ కాలేజీకి సీట్ల సైట్ కట్టాం. ముందు వచ్చినవాళ్లకే సీటు. తెరిచిన ఉదయం ఎక్కడెక్కడి ఆడపిల్లలూ ఒక్కసారిగా ఎగబడతారు. అంతమందిని పరీక్ష కోసం ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే కంప్యూటర్లే మనుషుల్లా నటిస్తాయి. నా బల్ల మీది ఒక్క కంప్యూటర్ అంత జనాన్ని పుట్టించలేదు కాబట్టి దూరపు నగరాల్లో కొన్నిటిని అద్దెకు తీసుకున్నాం. నేనిక్కడ ఒక్క మీట నొక్కితే అవన్నీ ఒకేసారి సైట్ మీద పడాలి. ఒక్కొక్కటి వందలమంది పిల్లల్లా లాగిన్ అయి, సీటు వెతికి, పట్టుకోవాలి. జవాబు ఎంత వేగంగా వచ్చిందో నాకు తిరిగి చెప్పాలి.

శనివారం ఉపవాసం ఉండి ఆ పరీక్ష నడిపాను. తెరంతా పచ్చగా వచ్చింది. ఒక్క తప్పు లేదు. సర్వర్‌కి చెమటైనా పట్టలేదని ప్రకాశ్ అన్న మురిసిపోయాడు. జవాబులు అంత వేగంగా ఎందుకొస్తున్నాయని నేను అనుమానించాల్సింది. నేను దాన్ని దేవుని మహిమ అనుకున్నాను. మర్నాడు ఆరాధనలో లేచాను. ఇందులో నా చేతిపని ఏమీ లేదు, అంతా ఆయన కార్యమే అన్నాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ రోజు ఢోలక్ మోగినట్టు మరెప్పుడూ మోగలేదు.

సోమవారం అద్దె కంప్యూటర్లను వదిలేయబోతూ, ఊరికే ఒకదాని లోపల ఏం జరిగిందో తెరిచి చూశాను. లాగిన్‌కి కావలసిన పేర్ల ఫైలు ప్రతి దూరపు కంప్యూటర్‌లోనూ విడివిడిగా పెట్టాలి. నేను నా దాంట్లో మాత్రమే పెట్టాను. పేర్లు లేని ఆ జనాన్ని సైట్ గుమ్మంలోనే ఆపేసింది. మీ వివరాలు సరిగా లేవు అనే పేజీ చూపించి తిప్పి పంపేసింది. ఆ పేజీ ఇట్టే వచ్చేస్తుంది. పేజీ వచ్చింది కదా అని నా పరీక్ష దాన్నీ మంచి జవాబుగానే లెక్కేసింది. రెండోది తెరిచాను. అదే. మిగతావీ అంతే. సీట్ల దాకా ఒక్కరూ వెళ్లలేదు.

సైట్ తెరవడానికి ఇంకా సమయం ఉంది. మళ్లీ నడపొచ్చు. మళ్లీ నడపాలంటే ఎందుకో చెప్పాలి.

ఎందుకు చెప్పలేదు? యజమాని తిడతాడనా? కాదు. తిట్లు నేను చాలానే తిన్నాను. నా నోరు కట్టేసింది ఆ సాక్ష్యం. సాక్ష్యం చెప్పి వెనక్కి తీసుకున్నవాళ్లను మా సంఘంలో నేనెప్పుడూ చూడలేదు. దేవుని కార్యమని నేను చాటింది గుమ్మంలోంచి తిప్పి పంపిన ఒట్టి పేజీ అని తెలిస్తే, రేపు ఇంకెవరు లేచి ఏం చెప్పినా జనం నవ్వరా? ఆయన పేరు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన పేరేనా? నా పేరు కాదూ? ఆయన పేరును కాపాడటానికి ఆయనకు నేను కావాలా?

అద్దె కంప్యూటర్‌ను వదిలేస్తే అందులో ఉన్నదేదీ మిగలదు. అది తెలిసే అన్నిటినీ వదిలేశాను. ప్రభువా, నేను చేయనిది నువ్వే చేసి సైట్‌ను నిలబెట్టు అని ప్రార్థిస్తూ వాటిని వదిలేసే మీట నొక్కాను.

సైట్ తెరిచిన ఉదయమే కుప్పకూలింది. పిల్లలు ఏడుస్తూ ఫోన్లు చేశారు. కాలేజీ వాళ్లు మా కంపెనీతో తెగతెంపులు చేసుకున్నారు. యజమాని అందరి ముందూ "టెస్ట్ పాస్, సైట్ ఫెయిల్. ఫిర్ గల్తీ కిస్కీ?" అని అడిగాడు. తప్పెవరిదని ఆయన అడిగితే అందరి చూపులూ ప్రకాశ్ అన్న వైపే తిరిగాయి. నేనూ అటే చూశాను.

సాయంత్రం మెట్ల దగ్గర అన్న నన్ను ఆపాడు.

"చెల్లీ, నీ టెస్టులో ఏటైనా తేడా వచ్చినాదా?"

"లేదన్నా."

"చిన్నదైనా?"

"అంతా పచ్చగానే వచ్చింది. నువ్వూ చూశావు కదా."

"చూడ్డమేటి! నీ సాక్ష్యానికి ఢోలక్ తోలు ఊడొచ్చీలాగ వాయించినాను." నవ్వాడు. "అచ్ఛా. అయితే నానే ఏదో కెలికేసుంటాను. ముసిలోణ్ణయిపోతన్నాను గావాల."

"నీ తప్పు కాదేమో అన్నా."

"మరెవులిది, దేవుడిదా? ఊరుకో. ఆయన పాస్ చేసిందాన్ని నానే పాడుచేసుంటాను."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. బస్సు వచ్చేస్తుందన్నాను.

ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఊళ్లో ఇంకెవరూ సర్వర్ల పని ఇవ్వలేదు. ఇప్పుడు సీపత్ కరెంటు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర సామాన్లు దింపించే పని చేస్తున్నాడు. దాని గురించి ఆయన ఒక్క మాటా అనడు. అడిగేది వేరే. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడల్లా లేచి ఒకటే కోరతాడు: ఆ సర్వర్‌లో తాను చేసిన తప్పేమిటో దేవుడు తనకు చూపించాలని. అది తెలిస్తే మనసు నిమ్మళిస్తుందట. పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తారు. సంఘమంతా ఆమేన్ అంటుంది.

నేనూ అంటాను.

లేని తప్పును ఆయనకు ఎవరు చూపిస్తారు? ఆ ప్రార్థనకు జవాబు నా నోట్లో ఉంది. దేవుడు దాన్ని ఇంకెక్కడా పెట్టలేదు. నేనేమో దాన్ని నమిలి మింగి, ఆమేన్ అని కూర్చుంటున్నాను. ఒకసారి చెప్పేద్దామని వాళ్లింటికి వెళ్లాను. వదిన వేడివేడి పకోడీలు పెట్టింది. అన్న మా అమ్మ మోకాళ్ల నొప్పి గురించి అడిగాడు. నేను వాళ్ల కొత్త కర్టెన్లు బాగున్నాయని చెప్పి వచ్చేశాను. వాక్యం ఇంత నేర్చుకున్నాను, ఇంతమందికి నేర్పాను. ఒక్క వాక్యం పలకలేకపోయాను.

ఇప్పుడు మీతో చెబుతున్నాను. ఆ పరీక్ష జరగనేలేదు. ఆ సర్వర్ ఎంత బరువు మోయగలదో ఆయనకు చెప్పాల్సింది నేను. నాకు తెలిసీ దాచాను. ఆనవాళ్లు చెరిపేశాను. తప్పు నాది.

రాశాను. గుండె మీది బరువు కొంచెం తగ్గింది, అంతే. దాన్ని క్షమాపణ అనే ధైర్యం నాకు లేదు. మీతో చెప్పినంత మాత్రాన ఆయనకు చెప్పినట్టు కాదని కూడా తెలుసు.

ఒక్కటి అడుగుతాను. నన్ను క్షమించమని ప్రార్థించకండి, అది నేనే అడగాలి. ఆదివారం ప్రకాశ్ అన్న మళ్లీ లేస్తాడు. పాస్టరు గారు కళ్లు మూసుకోకముందే నేను లేవాలి. నా కాళ్ల మీద నాకు నమ్మకం లేదు. మీరు ఎక్కడ కూర్చుని చదువుతున్నా, కాసేపు నాతో కలిసి తల వంచండి. తండ్రీ, అన్నకు జవాబు ఇవ్వు. ఈ నోటితోనే ఇప్పించు.