డ్రైవు మీద ముద్ర

ఆ అయిదంతస్తుల భవనంలో ఆయనను పేరు పెట్టి పిలిచేవారు లేరు. న్యాయస్థానపు నకళ్ళ విభాగంలో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి విరమించారు కనుక అందరికీ నకళ్ళ బాబాయి. కార్యాలయపు ముద్రను ఇంటికి తెచ్చుకోవడం నేరమని తెలిసిన మనిషి. అందుచేత విరమించిన మర్నాడే బజారుకు వెళ్ళి సొంతంగా ఒక రబ్బరు ముద్ర చెక్కించుకున్నారు. "సరిచూడబడినది" అన్న ఒక్క మాటే దాని మీద ఉండేది. సరుకుల చీటీ మీద, మందుల చీటీ మీద, గోడ మీది క్యాలెండరులో గడిచిపోయిన ప్రతి తేదీ మీద ఆ ముద్ర పడవలసిందే.

"ఇక మిగిలింది నా నుదురే. ఆ ఒక్కటీ కొట్టేస్తే ఓ పనైపోతుంది," అనేది భార్య.

ముద్ర వేయడమంటే ఆయనకు ఆనించడం కాదు. చేతిని చెవిదాకా ఎత్తి, ఒక్క క్షణం ఊపిరి బిగించి, ధన్ మని దించడం. పక్క ఫ్లాటులో గోడకున్న అద్దం రెండుసార్లు కిందపడింది.

ఆ చేతికి గత ఆరేళ్ళుగా ఒక మహత్కార్యం దొరికింది. భవనం లిఫ్టు నెలలో పది రోజులు ఆగేది, మిగతా రోజుల్లో ఆగుతానని బెదిరించేది. అయిదో అంతస్తులో ఆయన సొంత అక్క ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. తొంభై ఎనిమిది మెట్లు దిగితే మళ్ళీ ఎక్కలేదు, లిఫ్టెక్కితే దిగుతానన్న నమ్మకం లేదు. పద్నాలుగు నెలలుగా ఆమె కాలు వీధిలో పడలేదు. ఆమె తరఫున బాబాయి పెట్టిన ఫిర్యాదుకు జవాబుగా, లిఫ్టు ఆరేళ్ళలో నాలుగుసార్లు మాత్రమే ఆగిందని భవనం యజమాని ప్రమాణపత్రం దాఖలు చేశాడు. అబద్ధం ఆడేవాడు కనీసం నమ్మదగిన అంకె ఎంచుకోవాలన్న మర్యాద కూడా అతనికి లేకపోయింది.

లిఫ్టు ఆగిన ప్రతిసారీ బాబాయి ఫోనుతో వీడియో తీసేవారు. ఎడమచేతిలో ఇంటి గోడగడియారం, దాని వెనక ఆనాటి దినపత్రిక, వాటి వెనక మూసుకున్న లిఫ్టు తలుపు. ఒకసారి ఆ తలుపు వెనక నుంచి "ముందు నన్ను బయటికి తీయండి మహానుభావా!" అన్న కేక కూడా రికార్డయింది. ఆరేళ్ళలో ఏడువందల పన్నెండు వీడియోలు. అన్నీ ఒక బయటి హార్డ్ డ్రైవులో చేరాయి. చేరగానే ఫోనులోనివి చెరిపేసేవారు, ఒక దస్తావేజుకు రెండు అసళ్ళు ఉండరాదు కనుక.

అద్దె వివాదాల అధికారిణి ముందు విచారణ గురువారం. సోమవారం ఉదయం బాబాయి చివరి వీడియోను డ్రైవులోకి ఎక్కించి, పట్టిక సరిచూసి, తృప్తిగా కళ్ళజోడు తీశారు. డ్రైవు ఇంకా కంప్యూటరుకు తగిలించే ఉంది, లోపల తిరుగుతూనే ఉంది. ఆరేళ్ళ కార్యం ముగిసింది. ముగిసిన పని మీద ఏమి పడాలి?

చేయి చెవిదాకా లేచింది. ధన్!

డ్రైవు నల్లటి పెట్టె మీద "సరిచూడబడినది" అని ఊదారంగులో అందంగా అచ్చయింది. ఆ వెంటనే లోపలి నుంచి టిక్, టిక్, టిక్ అని చప్పుడు మొదలైంది. తెర మీది ఫోల్డర్లు ఒక్కసారిగా మాయమయ్యాయి.

"ఏమండీ, గడియారం బాగుచేస్తున్నారా?" అని వంటింట్లోంచి భార్య అడిగింది.

బాబాయి మెదడులో కూడా అదే చప్పుడు.

పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో ఒక నడివయసు మనిషి ఉంటుంది. అందరూ డాక్టరమ్మ అంటారు. ఆమె డ్రైవును చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"తిరుగుతున్నప్పుడు కింద పడేశారా?"

"లేదమ్మా."

"మరి ఎవరైనా కొట్టారా?"

"కొట్టలేదు. ముద్ర వేశాను."

డాక్టరమ్మ పెట్టెను తిప్పి చూసింది. ఊదారంగు అక్షరాలను చదివింది. నవ్వు ఆపుకోవడానికి స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుంది.

"బాబాయిగారూ, లోపల పళ్ళెం గిర్రున తిరుగుతుంటుంది. దానికి వెంట్రుకవాసి ఎడంలో ఒక సూది. మీరు దాని నెత్తిన గుండు పడేశారు. ఇక దీన్ని ఏ మిషనుకీ తగిలించకండి, తగిలించేకొద్దీ గీరుకుపోతుంది. పెద్ద ల్యాబుకి పంపుదాం. నెల పడుతుంది. వస్తాయో రావో నేను మాటివ్వలేను."

"గురువారం విచారణ తల్లీ."

"ఇంకో కాపీ ఉందా?"

బాబాయి ముఖం వెలిగింది. "ఒకటేమిటి! అసలు, నకలు, నకలుకు నకలు. మూడు ఫోల్డర్లు."

"హమ్మయ్య. ఎక్కడున్నాయి?"

బాబాయి వేలు మెల్లగా లేచి ఆ నల్లటి పెట్టెనే చూపించింది.

డాక్టరమ్మ స్క్రూడ్రైవరు కిందపెట్టి, ఈసారి ఆపుకోకుండా నవ్వింది. "ఇంటి తాళానికి మూడు చెవులు చేయించి మూడూ ఇంట్లోనే పెట్టి తలుపు లాగేసినట్టుంది!"

మంగళవారమంతా బాబాయి అన్నం ముందు కూర్చుని లేచారు. బుధవారం ఉదయం తొంభై ఎనిమిది మెట్లూ ఎక్కి అక్క ముందు నిలబడ్డారు. ఆరోజు కూడా లిఫ్టు ఆగింది. వీడియో తీయడానికి చేతులు రాలేదు.

"అక్కా, నీ కొంప ముంచాను."

సంగతంతా విని అక్క కిటికీ పక్క కుర్చీలో ఊగి ఊగి నవ్వింది. "చిన్నప్పుడు పలక ఇస్తే పలక పగలగొట్టావు. ఇప్పుడు ఇదా? నీ చేతికి ఏదైనా మిగిలిందంట్రా?"

"నవ్వకే అక్కా. ఇంక నువ్వు వీధి మొహం చూడవేమో."

నవ్వు ఆగింది. అక్క కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఎదురుగా యజమాని కార్యాలయం, దాని గాజుతలుపు కనబడతాయి.

"సరే గానీ, ప్రతి ఒకటో తారీఖునా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ మేనేజరు దగ్గరికెళ్తావే, చేతిలో ఓ కవరు పట్టుకుని. ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉంటాను. ఏమిట్రా అది? బతిమాలుకుంటున్నావా?"

"బతిమాలడమా! నకలు ఇవ్వడానికే." బాబాయి గొంతులో పాత ఉద్యోగం మేల్కొంది. "మనం దాఖలు చేయబోయే ప్రతి సాక్ష్యం ఎదుటి పక్షానికి ముందుగా అందాలి. ఆ నెల వీడియోలు సీడీలో ఎక్కించి, కవరు మూసి, అంటించిన చోట నా ముద్ర కొట్టి, చేతికిచ్చి, అందినట్టు సంతకం..."

ఆయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"ఎన్ని కవర్లు?" అని అడిగింది అక్క.

"డెబ్బై రెండు."

"నీ దగ్గర ఒక్కటీ ఉంచుకోలేదా?"

"అసలు నా దగ్గరే ఉంది కదా అని..."

"ఓరి నా తమ్ముడా! శత్రువుకి డెబ్బై రెండు పంచి నీకు సున్నా మిగుల్చుకున్నావు. నీలాంటివాడు పుట్టబట్టే చట్టం ఇంకా బతికుందిరా."

తరువాత ఆమె వేలెత్తి బెదిరించింది: రేపటిదాకా ఈ మాట నోటివెంట రాకూడదు, తెలిస్తే వాళ్ళు తగలబెట్టేస్తారు. ప్రతి విషయాన్నీ ముందుగా తెలియజేయడమే ధర్మంగా బతికిన మనిషికి ఇంతకన్నా కఠినమైన శిక్ష లేదు. కిందికి దిగగానే మేనేజరు ఎదురయ్యాడు.

"బాబాయిగారూ, డ్రైవు పోయిందని భవనమంతా చెప్పుకుంటున్నారే? పాపం. ఆరేళ్ళ కష్టం!"

బాబాయి పెదవులు బిగించారు. రహస్యం గొంతులో కోడిపుంజులా కొట్టుకుంది. చివరికి, "మీ ఆరోగ్యం జాగ్రత్త," అని మాత్రం అనగలిగారు.

గురువారం యజమాని న్యాయవాది లేచి, ఫిర్యాదుదారు వద్ద ఒక్క సాక్ష్యమూ లేదని, కేసు కొట్టివేయాలని కోరాడు. అధికారిణి బాబాయి వైపు చూసింది. ఆయన సంచిలోంచి ఒక కట్ట తీసి ముందు పెట్టారు. డెబ్బై రెండు రసీదులు, తేదీలవారీగా, దారంతో కుట్టినవి.

అధికారిణి పైదాన్ని చదివి మేనేజరును పిలిచింది. "ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"డెబ్బై రెండూ?"

"ఆయన సంతకం పెట్టేదాకా కదలరండి. పెట్టేసేవాణ్ణి."

"కవర్లేవి?"

"ఆఫీసులోనే ఉన్నాయండి. ఒక్కటీ విప్పలేదు." దాన్ని తన నిజాయితీకి రుజువుగా చెప్పాడు. "బిస్కట్ల డబ్బాలో డెబ్బై ఉన్నాయి."

"మిగతా రెండు?"

మేనేజరు తల గోక్కున్నాడు. "నా బల్లకి ఓ కాలు పొట్టిదండి. దాని కింద పెట్టాను. తీస్తే బల్ల ఊగుతుంది."

న్యాయవాది కళ్ళు మూసుకున్నాడు.

అధికారిణి అప్పటికప్పుడు గుమాస్తాను తోడిచ్చి పంపింది. డబ్బా వచ్చింది, కాలి కింది రెండూ వచ్చాయి. ప్రతి కవరు అంటుమీద ఊదారంగు ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. ఎవరూ తాకలేదనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. ఆరేళ్ళ ఫిర్యాదులను యజమాని ఒక్కసారీ చూడలేదనడానికి కూడా. ప్రభుత్వ కార్యాలయం కనుక సీడీ తిరిగే కంప్యూటరు అక్కడ ఇంకా బతికే ఉంది. పదకొండో వీడియోలో లిఫ్టు లోపలి నుంచి "మహానుభావా!" అన్న కేక వినబడగానే అధికారిణి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముప్పై రోజుల్లో కొత్త లిఫ్టు బిగించాలని, ఆలస్యమైతే అద్దె ఆగుతుందని ఉత్తరువు వెలువడింది.

ఇరవై తొమ్మిదో రోజున లిఫ్టు వచ్చింది. ఉత్తరువు అందిన నాడే భార్య ముద్రను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి డాక్టరమ్మకు ఇచ్చి వచ్చింది. అందువల్ల కొత్త లిఫ్టు బతికి బట్టకట్టింది.

అయిదో అంతస్తు నుంచి అక్క దిగింది. బాబాయి అలవాటు చొప్పున గడియారం, పేపరు పట్టుకుని కింద నిలబడ్డారు. తలుపు తెరుచుకుంది. అక్క బయటికి వచ్చి, వీధిలో నాలుగడుగులు వేసి, ఎండకు చేయి అడ్డం పెట్టుకుంది.

"ఎక్కడికి వెళ్దామక్కా? పార్కుకా?"

"పార్కు ఎక్కడికి పోతుంది. ముందు ఆ బల్ల చూపించు."

ఇద్దరూ రోడ్డు దాటి గాజుతలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. మేనేజరు కంగారుగా లేచి నిలబడ్డాడు. అక్క పలకరించలేదు, కూర్చోలేదు. బల్ల అంచు మీద చూపుడువేలు పెట్టి చిన్నగా నొక్కింది.

బల్ల ఊగింది. టీ కప్పు ఒలికింది.

"బాగుంది," అని అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఇది వీడియో తీశావా?"